రెండో ప్యాచ్ వచ్చేదాకా ఆగమన్న దుకాణం

“ఈ వారం వద్దండీ, రెండో ప్యాచ్ రానివ్వండి, అప్పుడు తీసుకుందురుగాని” అని కౌంటరు వెనక కూర్చున్న యజమాని చెప్పినప్పుడు నేను వినలేదు. విడుదలై రెండు రోజులే అయిన వీడియో గేము అది; ప్యాచ్ అంటే గేములోని తప్పులు దిద్దుతూ తయారుచేసినవాళ్లు తరువాత పంపే అప్‌డేట్. పెట్టె మీద ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు, 4,999 రూపాయల ధర ఉన్నదాన్ని 4,700కు ఇస్తామన్నారు, పైగా ఆ సిరీస్‌లో ముందు వచ్చిన భాగాలన్నీ నేను పూర్తి చేసి ఉన్నాను. అమ్మేవాడే కొనవద్దంటున్నాడంటే కారణమేమిటో అడగవలసింది పోయి, సరుకు తక్కువగా వచ్చి పాత ఖాతాదారు ఎవరికో దాచిపెట్టుకున్నారేమో అనుకుని పట్టుబట్టి కొన్నాను. పదో రోజున అదే డిస్కు పట్టుకుని అవే మెట్లు ఎక్కి 2,600 రూపాయలకు తిరిగి అమ్ముకున్నాను. ఈ సమీక్ష ఆ దుకాణం గురించే. కానీ ఆ పది రోజుల్లో ఏం జరిగిందో చెప్పకుండా అది ఎందుకు మంచి దుకాణమో, ఎక్కడ మంచిది కాదో చెప్పడం కుదరదు.

దుకాణం గుంటూరు బ్రాడీపేటలో, శంకర్ విలాస్ సెంటరు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక అడ్డరోడ్డు మీద జిరాక్సు సెంటరుకు పై అంతస్తులో ఉంది. కింద కోచింగ్ పిల్లల సైకిళ్లూ స్కూటీలూ అడ్డంగా ఉంటాయి కాబట్టి బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. మెట్లు ఇరుకు, కన్సోల్ (టీవీకి తగిలించి గేములాడే యంత్రం) పెట్టెను చేతుల్లో పట్టుకున్నవాళ్లు పక్కకు తిరిగి ఎక్కాలి. గది మాత్రం శుభ్రంగా, చల్లగా ఉంటుంది. కుడి గోడకు కొత్త డిస్కులు, ఎడమ గోడకు వాడినవి, చివర రెండు టీవీలు, వాటి ముందు రెండు కుర్చీలు. గంటకు 70 రూపాయలిచ్చి ఆ కుర్చీల్లో ఏ గేమైనా ఆడి చూడవచ్చు. ప్లేస్టేషన్ 4, ప్లేస్టేషన్ 5 డిస్కులే ఎక్కువ. ఎక్స్‌బాక్స్‌వి ఒక అరకు సరిపడా ఉంటాయి, నింటెండో స్విచ్ కార్డులు అద్దాల బీరువాలో పది పన్నెండు కనిపిస్తాయి. స్టిక్కు ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ దానంతటదే ఒక పక్కకు జరిగిపోయే కంట్రోలర్లను 450 రూపాయలకు బాగు చేస్తారు. ఆ పని నేను రెండుసార్లు చేయించుకున్నాను, రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

అసలు విశేషం ఎడమ గోడ మీద ఉంది. వాడిన ప్రతి డిస్కు పెట్టె మీదా ధరతో పాటు ఒక తెల్ల కాగితం ముక్క అంటించి, దాని మీద తెలుగులో, గుండ్రని చేతిరాతతో ఆ గేము పరిస్థితి రాసి ఉంటుంది. “పీఎస్5లో బాగుంది, పీఎస్4లో వద్దు.” “1.04 వరకు సేవ్ పోయేది, ఇప్పుడు పోవడం లేదు.” “ఇద్దరు కలిసి ఆడితే హ్యాంగ్ అవుతోంది, ఒక్కరికైతే పరవాలేదు.” “అప్‌డేట్ 60 జీబీ, నెట్ సరిగా లేనివాళ్లు తీసుకోవద్దు.” (1.04 అంటే గేము వెర్షన్, సేవ్ అంటే అప్పటిదాకా ఆడింది దాచుకున్న ఫైలు.) పెట్టె వెనక వేయించిన బొమ్మలూ పొగడ్తలూ చదివి కొనడానికి అలవాటు పడినవాళ్లకు ఈ కాగితాలు మొదట తమాషాగా అనిపిస్తాయి, నాకూ అలాగే అనిపించాయి. తగ్గింపు ధర ఏ అమ్మకపు సైటులోనైనా దొరుకుతుంది. ఈ కాగితం కోసమే నేను ఆ ఇరుకు మెట్లు ఎక్కుతున్నాను.

ఆ రాతల వెనక ఒక పొడుగు నోటు పుస్తకం ఉంది. గేము కొన్నవాళ్లు తిరిగివచ్చి చెప్పే ప్రతి ఫిర్యాదునూ యజమాని తేదీ వేసి, ఏ కన్సోలో, గేము ఏ వెర్షన్‌లో ఉండగా జరిగిందో అందులో రాసుకుంటారు. ఒకరు చెబితే రాసి ఊరుకుంటారు. ఇద్దరు చెబితే తన కుర్చీలో కూర్చుని ఆడి చూస్తారు. ముగ్గురు ఒకే చోట ఆగిపోయారంటే ఆ మాట కాగితం మీదికి ఎక్కుతుంది. ఈ పద్ధతి ఎక్కడ పట్టారని అడిగితే, తన తండ్రి మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా పనిచేశారని చెప్పి, “టిక్కీలో, అదే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి తేమ చూడకుండా ధర చెప్పేవాడు యార్డులో ఒక్కడూ ఉండడండీ, మనం మాత్రం పెట్టె మీది బొమ్మ చూసి ఐదు వేలు ఇచ్చేస్తాం” అన్నారు. (పోలిక బాగానే ఉంది గానీ, కాయలో తేమ ఉంటే రైతైనా వ్యాపారైనా ఎండబెట్టుకోవచ్చు, గేమును ఎండబెట్టే పని కొన్నవాడి చేతిలో లేదు, దాన్ని తయారుచేసినవాడి చేతిలోనే ఉంది.)

నేను కొన్న గేము పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఇంట్లో ఒక్క కన్సోల్ మీద జరిగినదాన్ని పట్టుకుని ఒక సంస్థ మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. డిస్కు పెట్టగానే 38 జీబీ అప్‌డేట్ అడిగింది. మా ఇంటి 50 ఎంబీపీఎస్ లైను మీద అది కాగితం లెక్కన గంటా నలభై నిమిషాల పని. వీధి వీధంతా సినిమాలు చూసే సాయంత్రం వేళ కాబట్టి మూడున్నర గంటలు పట్టింది. ఐదు వేల వస్తువు కొని తెచ్చుకున్న రోజున దాన్ని ఆడకుండా, శాతాలు పెరుగుతుంటే చూస్తూ భోజనం చేశాను.

డిస్కులో ఉన్నది ఒకటి, మనం ఆడేది ఇంకొకటి ఎందుకవుతుందో ఈ దుకాణంలో ఎవరడిగినా ఓపికగా చెబుతారు. డిస్కులు అచ్చువేయించి, పెట్టెల్లో సర్ది, దేశదేశాలకు పంపడానికి వారాలు పడుతుంది కాబట్టి గేమును విడుదలకు ఎంతో ముందే ఒక దశలో ఆపి ఫ్యాక్టరీకి పంపేస్తారు. దాన్ని ఆ పరిశ్రమలో ‘గోల్డ్’ అయిందంటారు. పంపిన తరువాత కూడా తప్పులు దిద్దుతూనే ఉంటారు, ఆ దిద్దుబాట్లన్నీ కలిపి విడుదల నాటికి మొదటి రోజు ప్యాచ్‌గా ఇస్తారు. ఇంతవరకు సబబుగానే ఉంది. చిక్కల్లా, దిద్దుకోవడానికి తరువాత వీలుంటుందన్న ధీమా ఉన్నప్పుడు ముందు దిద్దవలసినవి కూడా తరువాతికి జరిగిపోతాయి. సైబర్‌పంక్ 2077 అనే గేమును 2020 అక్టోబర్ 5న గోల్డ్ అయిందని ప్రకటించి, అదే నెల 27న విడుదలను నవంబర్ 19 నుంచి డిసెంబర్ 10కి జరిపారు. గోల్డ్ అంటే పూర్తయిందని అప్పటిదాకా అనుకున్నవాళ్లకు ఆ మాటకు అర్థం ఏమిటో ఆ మూడు వారాల వాయిదాయే చెప్పింది.

నా తరం వాళ్లకు ఇది ఇంకాస్త వింతగా ఉంటుంది. 1990లలో టీవీకి తగిలించే చైనా పెట్టెలతో, 9999999 ఆటలు అని రాసి ఉన్న కార్ట్రిడ్జిని నోటితో ఊది గుచ్చి ఆడినవాళ్లం మేము; అందులో నిజంగా ఉన్నవి పదో పదిహేనో, అయినా ఉన్నవి ఉన్నట్టు నడిచేవి. అప్పటి గేముల్లో తప్పులు లేవని కాదు. పోకెమాన్ తొలి గేముల్లో మిస్సింగ్‌నో అనే అస్తవ్యస్తపు బొమ్మ ఒకటి ఊడిపడేదన్న సంగతి ఆ రోజుల్లో ఆడిన వాళ్లందరికీ తెలుసు. కాని కార్ట్రిడ్జి ఒకసారి తయారైందంటే మరి దిద్దుకోవడానికి దారి లేదు కాబట్టి, వెతికే పని అమ్మకముందే ముగించవలసి వచ్చేది.

నా గేము విషయానికి వస్తే, మొదటి నాలుగు రోజులు లోపాలన్నీ నవ్వుకోదగ్గవే. గుర్రం మోకాళ్ల దాకా నేలలో కూరుకుపోయి కూడా పరుగెత్తేది. ఒక ముసలావిడ తన గంపను గాలిలో వదిలేసి, ఖాళీ చేతులతో బరువు మోస్తున్నట్టే ఆయాసపడుతూ నడిచేది. మా ఆవిడ ఆమెను చూడడానికి ప్రత్యేకంగా వచ్చి కూర్చునేది. ఐదో రాత్రి ఒక కోట గుమ్మం దగ్గర కథ ఆగిపోయింది. తలుపు తెరవాలంటే కాపలావాడితో మాట్లాడాలి, ఆ కాపలావాడు భుజం దాకా గోడలో ఇరుక్కుపోయి ఉన్నాడు, దగ్గరికి వెళితే మాట్లాడే బటన్ గుర్తు మెరిసి మాయమవుతుంది. అది లోపమని నాకు వెంటనే తోచలేదు. గోడ దూకాలేమో, రాత్రి అయ్యేదాకా ఆగాలేమో, దారిలో వదిలేసిన తాళంచెవి ఏదైనా ఉందేమో అని రెండు గంటలు కోట చుట్టూ తిరిగాను. చేతితో చేసుకున్న పాత సేవ్ ఆరు గంటల వెనక ఉంది. ఆటోసేవ్‌లన్నీ ఆ గుమ్మం ముందువే.

బగ్గులంటే, అంటే ఇలాంటి లోపాలంటే, ఆడేవాళ్లకు అంత కోపం ఎందుకని, ఆట కాకపోతే ఇంకో ఆట ఆడుకోవచ్చు కదా అని అడిగేవాళ్లకు ఆ రెండు గంటల గురించి చెప్పాలి. ఆటలో ఓడిపోవడం నాకు కొత్త కాదు, ఒకే శత్రువు చేతిలో నలభై సార్లు చచ్చి నలభై ఒకటోసారి గెలిచినవాణ్ణి. ఆ నలభై ఓటముల్లోనూ తప్పు నాదే, దిద్దుకుంటే దారి ఉంటుంది అన్న నమ్మకం ఉంటుంది కాబట్టే కూర్చున్నచోటు నుంచి లేవబుద్ధి కాదు. గోడలో ఇరుక్కున్న కాపలావాడు పాడుచేసింది ఆ నమ్మకాన్ని. లేని జవాబు కోసం నేను బుర్ర బద్దలుకొట్టుకున్నానని తెలిసిన తరువాత, మర్నాటి నుంచి గేములో ఏ చిక్కు ఎదురైనా ‘ఇది నాకు పెట్టిన పరీక్షా, వాళ్లు చేసిన పొరపాటా’ అన్న అనుమానమే ముందు వచ్చేది. రెండు నిమిషాలు ప్రయత్నించి, వెంటనే ఫోను తీసి ఇంకెవరైనా ఇక్కడ ఆగిపోయారా అని వెతికేవాణ్ణి. నిజానికి అందులో రెండు చక్కని చిక్కుముళ్లు ఉన్నాయి, వాటిని నేను విప్పకుండానే, లోపాలనుకుని జవాబు చూసేశాను. బగ్గు పాడుచేసిన చోటు ఒక్కటే అయినా, ఆ సందేహం బాగున్న చోట్ల రుచిని కూడా చెడగొట్టింది.

ఆరు గంటలు మళ్లీ ఆడాను. ఈసారి కాపలావాడు గోడ బయటే ఉన్నాడు. ఎనిమిదో రాత్రి, పన్నెండున్నర దాటాక, సేవ్ అవుతున్న గుర్తు మూలన తిరుగుతుండగా తెర నల్లబడి సీఈ-108255-1 అనే ఎర్రర్ వచ్చింది. మళ్లీ తెరిస్తే సేవ్ ఫైలు పాడైందని చెప్పింది. 26 గంటల ఆట పోయింది. “ఎవరి మీదండీ ఆ కేక, పక్కింటివాళ్లు లేస్తారు” అని లోపలి గదిలోంచి మా ఆవిడ అడిగేదాకా నేను కేక వేశానని నాకే తెలియదు.

దుకాణం మంచితనం ఇక్కడి నుంచి మొదలవుతుంది. పదో రోజున నేను వెళ్లి చెప్పగానే యజమాని జాలీ చూపలేదు, నేను చెప్పలేదా అని ఎత్తిపొడవనూ లేదు. పుస్తకం తెరిచి ప్రశ్నలు అడిగారు. అప్పుడు కరెంటు పోయిందా? ఇన్వర్టర్ మీద ఉందా, నేరుగా ఉందా? కన్సోల్ ఎక్కడ పెట్టారు, టీవీ స్టాండు అరలో పెట్టి తలుపు వేశారా? ఫ్యాన్ మోత పెద్దదై తరువాత ఆగిందా, మామూలుగా ఉండగానే ఆగిందా? గేము వెర్షన్ ఎంత? గుంటూరు ఎండల్లో అరలో బిగించిన కన్సోల్ వేడెక్కి ఆగిపోవడం మామూలే, కరెంటు పోయి సేవ్ పాడవడమూ మామూలే. ఆ రెండింటినీ తీసేస్తే గాని నింద గేము మీద వేయకూడదన్నది ఆయన నియమం. డిస్కును ట్యూబులైటు కింద వంచి గీతలు చూశారు. ఆ ఎర్రర్ నంబరు గేము నడుస్తూ కూలిపోయిందని మాత్రమే చెబుతుందని, ఎందుకు కూలిందో చెప్పదని వివరించారు. అప్పటికే ఆ గేము మీద పుస్తకంలో నాలుగు ఫిర్యాదులున్నాయి, అందులో రెండు సేవ్ అవుతుండగా ఆగిపోయినవే, నాది ఐదోది.

తరువాత బేరం. ఇంత కొత్త డిస్కు తెస్తే సాధారణంగా ఈ దుకాణం మూడు వేలకు పైనే ఇస్తుంది, నాకు చెప్పింది 2,600. లోపం నాది కానప్పుడు కోత నాకెందుకని కొంచెం గట్టిగానే అడిగాను. “ఈ లోపం ఉందని కాగితం అంటించి దీన్ని నేనే అమ్ముకోవాలండీ, అంటించకుండా అమ్మలేను” అన్నారు. కోపంగా ఉన్నా ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను. కొత్త గేముల బగ్గుల మీద ఎన్ని సమీక్షలు చదివినా దొరకని కొలత ఒకటి ఇక్కడ దొరుకుతుంది: వాడిన డిస్కుకు ఈ దుకాణం ఇచ్చే ధర. గేము బాగుంటే జనం డిస్కును ఇంట్లో ఉంచుకుంటారు, ధర నెలల తరబడి నిలబడుతుంది. పాడుగా వస్తే రెండో వారానికే ఎడమ గోడ మీద అవే పెట్టెలు వరసగా నిలుస్తాయి. డిస్కు డ్రైవు లేని కన్సోల్ కొన్నవాళ్లకు ఈ దారి కూడా లేదు, వాళ్లు కొన్నది వాళ్ల ఖాతాలోనే ఉండిపోతుంది.

తిరిగి ఇచ్చే హక్కుల సంగతీ ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు స్టీమ్ 2015 జూన్ 2 నుంచి, కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తోంది. ప్లేస్టేషన్ స్టోరులో కొంటే 14 రోజుల గడువు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలుపెట్టిన తరువాత గేము లోపభూయిష్టమైతే తప్ప సాధారణంగా ఆ వీలు ఉండదు. కవరు చింపిన డిస్కును ఈ దుకాణమూ వెనక్కి తీసుకోదు, మారుబేరానికే తీసుకుంటుంది. లోపమున్న వస్తువు విషయంలో 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. అయితే గుర్రం నేలలో దిగబడిందని చెప్పి ఎవరినైనా ఒప్పించాలంటే ముందు చేతిలో బిల్లు ఉండాలి. ఈ దుకాణంలో బిల్లు అడిగితేనే ఇస్తారు, అడిగినా ఒకసారి “వాట్సాప్ చేస్తానండీ” అని చెప్పి చేయలేదు. ఇంత శ్రద్ధగా ఫిర్యాదుల పుస్తకం రాసే మనిషి బిల్లు పుస్తకం దగ్గర అంత బద్ధకించడం నాకు నచ్చని విషయాల్లో మొదటిది.

రెండోది ఇంకా పెద్దది. విడుదలైన వారం కొనవద్దని నోటితో చెప్పే ఈయనే, రాబోయే గేములకు 500 రూపాయల అడ్వాన్సు తీసుకుని బుకింగులు రాసుకుంటారు, ఆ అడ్వాన్సు వెనక్కి ఇవ్వరు. ఇదేమిటని అడిగితే కాస్త ఇబ్బందిపడి, బుకింగుల లెక్క చూపిస్తేనే పంపిణీదారు సరుకు పంపుతాడని చెప్పారు. కారణం నిజమే కావచ్చు. కాని గేము ఎలా ఉందో ఎవరికీ తెలియకముందే డబ్బు చేతులు మారడం వల్లనే కదా అసంపూర్తి సరుకు కూడా అనుకున్న తేదీకి బయటికి వస్తున్నది. కనీసం విడుదలైన మొదటి వారంలో పుస్తకంలో మూడు ఫిర్యాదులు చేరిన గేముకైనా అడ్వాన్సు తిరిగి ఇస్తే ఆయన మాటకూ చేతకూ పొత్తు కుదురుతుంది. కార్డు గీకితే రెండు శాతం అదనంగా తీసుకోవడం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా తాళం వేయడం చిన్న విషయాలు. కొన్ని కాగితాల మీద తేదీ లేకపోవడం మాత్రం చిన్నది కాదు, ఎందుకంటే ‘ఇప్పుడు బాగుంది’ అన్న మాటలో ‘ఇప్పుడు’ ఎప్పుడో తెలియకపోతే ఆ కాగితం అక్కరకు రాదు.

ఈ తేదీలూ వెర్షన్లూ ఎంత ముఖ్యమో సైబర్‌పంక్ 2077 పెట్టె ఒక్కటి చూస్తే తెలుస్తుంది. ఎడమ గోడ మీద దానికి రెండు వేరు వేరు కాగితాలున్నాయి. 2020 డిసెంబర్ 10న అది వచ్చినప్పుడు పీఎస్4లోనూ ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఎంత దారుణంగా నడిచిందంటే, తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ నాలుగు రోజులకే క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కి ఇస్తామంది, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోరు నుంచే తీసేసింది, 2021 జూన్ 21 దాకా తిరిగి పెట్టలేదు. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ మీద నడిచే ప్రతే కాబట్టి, పాత కన్సోల్ ఉన్నవాళ్లకు డబ్బు కట్టేదాకా సంగతి తెలియలేదు. కంప్యూటర్ మీద కూడా సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే పాడైపోయేది, దాన్ని ఆ నెలలోనే దిద్దారు. తరువాత దాన్ని నిజంగానే బాగుచేశారు: 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో అది చాలామంది మెచ్చుకునే గేము అయింది. అయితే ఆ 2.0 పీఎస్4కు రాలేదు. అందుకే ఒకే గేముకు ఇక్కడ ఒక కాగితం మీద “పీఎస్5 ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి” అనీ, ఇంకో కాగితం మీద “పీఎస్4కు ఇక కొత్త అప్‌డేట్లు రావు, ఉన్నదింతే” అనీ రాసి ఉంది. గేము బాగుపడింది అన్న వార్త విని పాత కన్సోల్‌తో ఆశగా వచ్చే పిల్లవాడికి ఈ రెండో కాగితం చేసే మేలు తక్కువది కాదు.

ఇది ఒక్క సంస్థ పాపం కాదు. 2014 నవంబర్‌లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ యూనిటీలో మనుషుల ముఖాలు మాయమై, కనుగుడ్లూ పళ్లూ మాత్రం గాలిలో వేలాడే బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి; యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి, అమ్మవలసిన అదనపు భాగాన్ని ఉచితంగా ఇచ్చింది. 2015 జూన్ 23న వచ్చిన బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ నైట్ కంప్యూటర్ ప్రతిని మరుసటి రోజుకే అమ్మకం నుంచి ఆపి, అక్టోబర్ చివరకు గాని తిరిగి తేలేదు. మరోవైపు బాల్డర్స్ గేట్ 3ను లారియన్ సంస్థ 2020 అక్టోబర్ నుంచే, ఇది అసంపూర్తిది అని ముందే చెప్పి అమ్మింది, దాదాపు మూడేళ్లు ఆడేవాళ్ల ఫిర్యాదులు విని 2023 ఆగస్టులో పూర్తిగా విడుదల చేసింది. అందులోనూ బగ్గులు మిగిలాయి, మొదటి పెద్ద ప్యాచ్‌లోనే వెయ్యికి పైగా దిద్దుబాట్లు వచ్చాయి. అయినా జనం దాన్ని తిట్టలేదు, పచ్చిది పచ్చిదని చెప్పి అమ్మారు కాబట్టి.

కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు ఈ దుకాణంతో పెద్దగా పని ఉండదు. కాని ఆడి చూసే కుర్చీల దగ్గర ఇక్కడ పాటించే ఒక నియమం విజయవాడలో ఉండే మా మేనల్లుడికి అసూయ కలిగించింది. గేము హ్యాంగ్ అయినా, అప్‌డేట్ అడిగినా, ఇక్కడ గడియారం ఆపేస్తారు. ఆడిన నిమిషాలకే డబ్బు. వాడు వెళ్లే సెంటరులో గంటకు 80 రూపాయలు, కంప్యూటర్లన్నీ మంచివే, కాని కొత్త గేము తెరిచిన ప్రతిసారీ షేడర్లు తయారవుతున్నాయని తెర మీద గీత నెమ్మదిగా కదులుతూ ఉంటే, ఆ ఇరవై నిమిషాలకూ బిల్లు పడుతుంది. గ్రాఫిక్ కార్డుకు చెప్పవలసిన పనులను దానికి అర్థమయ్యే రూపంలోకి ముందే మార్చి పెట్టుకోవడమే ఆ తయారీ. కన్సోళ్లన్నీ ఒకే రకం కాబట్టి ఆ పని తయారుచేసినవాళ్లే ముగించి పంపగలరు, కంప్యూటర్లలో ఒక్కోదానికి ఒక్కో కార్డు కాబట్టి ఆడేవాడి దగ్గరే జరగాలి. ముందు చేయకుండా వదిలేస్తే ఆట మధ్యలో కుదుపులు వస్తాయి. “మామయ్యా, నేను గీతకు డబ్బు కడుతున్నాను” అని వాడు అన్నప్పుడు నవ్వొచ్చింది గానీ, సాయంత్రమంతా అప్‌డేట్ శాతాలు చూసినవాణ్ణి నేను నవ్వదగినవాణ్ణి కాదు.

కాబట్టి ఈ దుకాణానికి ఎవరు వెళ్లాలంటే, పీఎస్4 ఉండి ఏ గేము తీసుకోవాలో తెలియనివాళ్లు తప్పక వెళ్లాలి, నెలకు ఒక గేము కన్నా కొనలేని విద్యార్థులు వెళ్లాలి, ఇంటి నెట్ నెమ్మదిగా ఉండేవాళ్లు కన్సోల్‌ను పట్టుకెళ్లి 150 రూపాయలకు అప్‌డేట్ చేయించుకోవచ్చు. విడుదలైన రోజే ఆడాలన్న ఆత్రం ఉన్నవాళ్లకు మాత్రం ఇది సరిపడదు. మీరు కొంటానన్నా ఆయన వద్దని చెబుతారు, వినకపోతే ఏమవుతుందో పైన రాశాను. ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను, ఒకటి అడ్వాన్సుల దగ్గర, బిల్లుల దగ్గర పోయింది.

మూడు నెలల తరువాత కంట్రోలర్ కొనడానికి వెళితే ఎడమ గోడ మీద నా డిస్కు కనిపించింది. పెట్టె మూల మా మేనల్లుడు బాల్‌పెన్నుతో గీసిన మీసం ఉంది కాబట్టి నాదేనని గుర్తుపట్టాను. ధర 2,200, నాకు ఇచ్చినదానికన్నా 400 తక్కువ. కాగితం మీద పాత రాత కొట్టేసి, కింద కొత్తగా, ఈసారి తేదీతో సహా, “1.09 తర్వాత సేవ్ పోవడం లేదు, ముగ్గురు చివరిదాకా ఆడారు” అని రాసి ఉంది. అన్నీ లెక్క వేసుకుంటే ఆ గేముకు నేను పెట్టింది 4,300 రూపాయలూ, రెండుసార్ల ఆరంభమూ. తీసుకున్నాను. కోట గుమ్మం దగ్గర కాపలావాడు బయటే నిలబడి ఉన్నాడు, ముసలావిడ గంప నెత్తి మీదే ఉంది, అది చూసి మా ఆవిడ కాస్త నిరాశపడింది. బిల్లు ఈసారి అడగకుండానే ఇచ్చారు.